సిలికాన్ కార్బైడ్ కాంపోజిట్లు: సీవీఐ, పీఐపీ, కరిగిన సిలికాన్ – ఏ పనికి ఏది ఎంచుకోవాలి

సిలికాన్ కార్బైడ్ కాంపోజిట్ (సన్న ఫైబర్ల మధ్య సిలికాన్ కార్బైడ్ నింపి చేసే సెరామిక్) కావాలని వచ్చేవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుంది?" అని. అమ్మేవాళ్లు 1400 అనో 1600 అనో ఒక అంకె చెప్పేస్తారు. అది ఆర్గాన్‌లోనా గాల్లోనా, పది నిమిషాలకా పదివేల గంటలకా, బరువు మోస్తూనా ఊరికే కూర్చునా అన్నది ఎవరూ చెప్పరు. అసలు తేల్చుకోవాల్సింది ఆ మూడే. ఈ పదార్థం కరిగిపోయి పాడవదు. మ్యాట్రిక్స్‌లో (ఫైబర్ల మధ్య నింపిన భాగంలో) సన్న పగులు వస్తుంది, అందులోంచి ఆక్సిజన్ లోపలికి పోతుంది, ఫైబర్ మీద ఉన్న పల్చటి పూత కాలిపోతుంది, ఆ తర్వాత ఒకరోజు ముక్క పెళుసుగా విరుగుతుంది. అందుకని తయారీ పద్ధతి ఎంచుకునేటప్పుడు చూడాల్సింది పగులు ఎంత లోడు దగ్గర మొదలవుతుంది, పగిలాక లోపలేమవుతుంది అన్నదే.

ఇంకో మాట ముందే అనుకోవాలి: మీకు నిజంగా కాంపోజిటే కావాలా? ఫర్నేస్ బీములు, రోలర్లు, బర్నర్ నాజిళ్లు, థర్మోకపుల్ గొట్టాలు – వీటికి ఫైబర్ లేని మామూలు సిలికాన్ కార్బైడ్ చాలు. సిలికాన్ నింపిన రియాక్షన్ బాండెడ్ రకం 1350 డిగ్రీల దాకా, సింటర్ చేసిన రకం అంతకు పైన కూడా ఏళ్ల తరబడి పనిచేస్తాయి, ధర కాంపోజిట్‌తో పోలిస్తే లెక్కలోకి రాదు. కాంపోజిట్‌కి డబ్బు పెట్టాల్సింది ఒక్క పగులుతో ముక్కలైపోకూడని చోటే: గోడ పల్చగా ఉండి థర్మల్ షాక్ తగిలేచోట, ఏదైనా వచ్చి కొట్టే అవకాశం ఉన్నచోట, విరిగితే పక్కనున్న యంత్రం కూడా పోయేచోట. వేడి 1000–1100 డిగ్రీలు దాటకుండా, ఎప్పుడూ గాల్లోనే ఉండి, లోడు తక్కువైతే నెక్స్‌టెల్ 610 లేదా 720 ఫైబర్‌తో చేసిన ఆక్సైడ్–ఆక్సైడ్ కాంపోజిట్ చూడండి. అది ఇప్పటికే ఆక్సైడ్ కాబట్టి ఆక్సిడేషన్ బెడదే ఉండదు. ఈ రెండూ కుదరనప్పుడే కింద చెప్పేదంతా.

ముందు ఫైబర్, తర్వాతే పద్ధతి

చాలామంది పద్ధతి తేల్చుకున్నాక ఫైబర్ వెతుకుతారు. అది తలకిందులు. ఫైబర్ తట్టుకునే వేడి తయారీ వేడి కంటే తక్కువైతే, ఇంకా వాడకముందే ఫర్నేస్‌లోనే బలం పోతుంది.

పాలీకార్బోసిలేన్ నుంచి సిలికాన్ కార్బైడ్ దారం తీసే విధానాన్ని జపాన్‌లో తొహోకు యూనివర్సిటీకి చెందిన యజిమా 1975లో చూపించారు. దాన్నుంచి వచ్చిన మొదటి తరం నికలాన్‌లో బరువులో సుమారు 12 శాతం ఆక్సిజన్ ఉంటుంది. 1200 డిగ్రీలు దాటితే ఆ ఆక్సిజన్ కార్బన్ మోనాక్సైడ్‌గా, సిలికాన్ మోనాక్సైడ్‌గా బయటికి వస్తూ ఫైబర్‌ని గుల్ల చేస్తుంది. రెండో తరం హై-నికలాన్‌లో ఎలక్ట్రాన్ బీమ్‌తో క్యూర్ చేసి ఆక్సిజన్‌ని అర శాతానికి తెచ్చారు. మూడో తరం టైప్-ఎస్‌లో కార్బన్–సిలికాన్ నిష్పత్తి 1.05 దాకా వచ్చింది, మాడ్యులస్ 400 గిగాపాస్కల్ దరిదాపుల్లో ఉంటుంది, క్రీప్‌కి (వేడిలో లోడు కింద నెమ్మదిగా సాగిపోవడానికి) బాగా నిలుస్తుంది. ఉబే కంపెనీ టైరానో ఎస్ఏ కూడా ఈ కోవదే. మూడో తరానికి ఒక చిక్కుంది: గట్టిదనం ఎక్కువ కాబట్టి వంగదు. చిన్న రేడియస్ మూలల దగ్గర, గట్టి నేతలో దారాలు పుటుక్కున తెగుతాయి. డిజైన్‌లో మూల రేడియస్ కాస్త పెంచమని ముందే అడగండి. ధర కిలోకి వేల డాలర్లు. తెప్పించాలంటే ఎక్స్‌పోర్ట్ లైసెన్స్, ఎండ్ యూజర్ సర్టిఫికెట్ వంటి కాగితాలు కావాలి. ప్రాజెక్ట్ షెడ్యూల్‌లో ఫర్నేస్ కంటే దీనికే ఎక్కువ సమయం ఉంచుకోవడం మంచిది.

కార్బన్ ఫైబర్ చవక, సులువుగా దొరుకుతుంది, జడ వాతావరణంలో 2000 డిగ్రీలైనా చెక్కుచెదరదు. అయితే దాని పొడవు వెంట వ్యాకోచం దాదాపు సున్నా, సిలికాన్ కార్బైడ్‌ది డిగ్రీకి పది లక్షల్లో నాలుగున్నర వంతు. తయారై చల్లారేసరికే మ్యాట్రిక్స్ నిండా పగుళ్లుంటాయి. ఆ పగుళ్లు చల్లగా ఉన్నప్పుడు విప్పుకుని, తయారీ వేడికి దగ్గరయ్యేకొద్దీ మూసుకుంటాయి. కార్బనేమో 500 డిగ్రీల దగ్గరే కాలడం మొదలుపెడుతుంది. దాంతో కార్బన్ ఫైబర్ రకానికి గాల్లో 1400 కంటే 700 డిగ్రీలే ఎక్కువ ప్రమాదం. డేటా షీట్‌లో పై అంకె చూసి కొన్నవాళ్లు మోసపోయేది ఇక్కడే.

ఫైబర్ మీది పూత

ఫైబర్‌కీ మ్యాట్రిక్స్‌కీ మధ్య పైరోకార్బన్ లేదా బోరాన్ నైట్రైడ్ పొర లేకపోతే అది కాంపోజిట్ కాదు, ఫైబర్ కలిపిన పింగాణీ. మ్యాట్రిక్స్‌లో వచ్చిన పగులు ఈ పొర దగ్గర పక్కకి తిరగాలి, ఫైబర్ జారుతూ లోడు మోయాలి. మందం 0.1 మైక్రాన్ కంటే తగ్గితే పగులు సూటిగా ఫైబర్‌లోకి దూరుతుంది. మైక్రాన్ దాటితే మ్యాట్రిక్స్ నుంచి ఫైబర్‌కి లోడు సరిగా అందదు. 0.2 నుంచి 0.5 మధ్య ఉంచుకోండి.

మందాన్ని ప్రతిసారీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో కొలవనక్కర్లేదు, తూకం చాలు. 14 మైక్రాన్ల నికలాన్ దారం మీద 0.2 మైక్రాన్ పొర ఎక్కితే పరిమాణం 5.8 శాతం పెరుగుతుంది. పైరోకార్బన్ సాంద్రత 1.9, ఫైబర్‌ది 2.55 వేసుకుంటే గుడ్డ బరువు 4.3 శాతం పెరగాలి. 100 గ్రాముల గుడ్డ పెడితే 104.3 గ్రాములు రావాలన్నమాట. 102 వచ్చిందంటే సగటు మందం 0.1 దగ్గరే ఆగింది. సగటు అంటున్నాం, ఎందుకంటే రియాక్టర్‌లో గ్యాస్ ముందు తాకే వైపు మందంగా, వెనక వైపు పల్చగా పడుతుంది. గుడ్డ రెండు చివర్ల నుంచీ చిన్న ముక్కలు తీసి విడిగా తూచాలి. ముందుగా సైజింగ్ (దారానికి ముందే పట్టించి ఉండే జిగురు పూత) తీసేయడం మరవద్దు. పీవీఏ సైజింగ్ వేడినీళ్లలో పోతుంది, ఎపాక్సీ రకాన్ని తయారీదారు చెప్పిన వేడి దగ్గర కాల్చాలి. మిగిలిపోయిన సైజింగ్ మసిగా మారి పూత ఊడొచ్చేలా చేస్తుంది, తూకం లెక్కనీ చెడగొడుతుంది.

గాల్లో వాడకం ఉంటే బోరాన్ నైట్రైడే మేలు. పైరోకార్బన్ 500 డిగ్రీల దగ్గరే కాలిపోయి ఫైబర్ చుట్టూ ఖాళీ గొట్టం మిగులుతుంది. బోరాన్ నైట్రైడ్ 800–900 దాకా ఆగుతుంది, కాలినా బోరియా గాజు ఏర్పడి కొంతమేర పగులు పూడుస్తుంది. కానీ తక్కువ వేడిలో వేసిన బోరాన్ నైట్రైడ్ సరిగా స్ఫటికం కట్టక గాల్లో తేమకే పాడవుతుంది. పూత వేసిన గుడ్డని నెలల తరబడి బీరువాలో ఉంచకండి.

సీవీఐ

సీవీఐ అంటే కెమికల్ వేపర్ ఇన్‌ఫిల్ట్రేషన్. మిథైల్ ట్రైక్లోరోసిలేన్ ఆవిరిని హైడ్రోజన్‌తో కలిపి, 1000 డిగ్రీల దగ్గర, వాతావరణ పీడనంలో ఓ పదోవంతు పీడనంలో, ఫైబర్ ప్రీఫామ్‌లోకి (కావాల్సిన ఆకారంలో పేర్చిన ఫైబర్ గుడ్డలోకి) పంపిస్తారు. సందుల్లో స్ఫటిక సిలికాన్ కార్బైడ్ పేరుకుంటుంది. ఫైబర్‌కి హాని చేయనంత తక్కువ వేడి, మ్యాట్రిక్స్ శుద్ధంగా ఉండటం, ఒకే ఫర్నేస్‌లో రకరకాల ఆకారాలు ఒకేసారి పెట్టుకోగలగడం దీని గొప్ప. 2011 ఫుకుషిమా తర్వాత అణు ఇంధన గొట్టాల కోసం సిలికాన్ కార్బైడ్ కాంపోజిట్లు చూస్తున్నవాళ్లు ప్రధానంగా ఈ దారినే పట్టుకోవడానికి కారణం కూడా ఆ శుద్ధతే. మిగులు సిలికాన్ గానీ ఆక్సైడ్ గానీ ఉంటే రేడియేషన్‌లో ఒక్కోటీ ఒక్కో తీరున ఉబ్బుతుంది.

కష్టం టైమ్ దగ్గర, క్లోరిన్ దగ్గర. గ్యాస్ బయటి రంధ్రాల దగ్గరే ఎక్కువగా పేరుకుని, పాల మీద మీగడలా అట్ట కట్టేస్తుంది, లోపల బోలుగానే ఉంటుంది. అందుకే మధ్యలో బయటికి తీసి, పై పొర డైమండ్ వీల్‌తో అరగదీసి, మళ్లీ లోపల పెడతారు. ఇలా వందల గంటలు. 3 మిల్లీమీటర్ల ప్లేటు హాయిగా నిండుతుంది. 8 మిల్లీమీటర్లు అడిగితే మామూలు ఐసోథర్మల్ (ముక్క అంతా ఒకే వేడిలో ఉండే) సీవీఐలో మధ్యభాగం నమ్మలేం. ఎంత చేసినా 10–15 శాతం రంధ్రాలు మిగులుతాయి, అవి కూడా దారాల కట్టల మధ్య పెద్ద పెద్దవిగా.

లెక్క చూడండి: ఒక కిలో సిలికాన్ కార్బైడ్‌కి కాగితం మీద 3.73 కిలోల మిథైల్ ట్రైక్లోరోసిలేన్ కావాలి, 2.73 కిలోల హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. నిజానికి పోసిన దానిలో చాలాభాగం పేరుకోకుండానే బయటికి పోతుంది. స్క్రబ్బర్ (బయటికి వచ్చే ఆమ్ల వాయువుని కడిగే పరికరం) సామర్థ్యాన్ని పేరుకున్న దాన్నిబట్టి కాదు, పోసిన మొత్తం క్లోరిన్‌ని బట్టి లెక్కకట్టాలి. ఎగ్జాస్ట్ పైపులో చల్లబడిన చోట జిడ్డుగా క్లోరోసిలేన్ పాలిమర్లు పేరుకుంటాయి. పైపు విప్పగానే గాలి తగిలి అంటుకోవచ్చు, తేమ తగిలి గట్టిపడినది గీకితే పేలనూ వచ్చు. ఈ ఒక్క విషయానికి శిక్షణ పొందిన మనిషి, రాతలో పెట్టిన క్లీనింగ్ పద్ధతి లేని చోట సీవీఐ పెట్టకూడదన్నది మా గట్టి అభిప్రాయం. హైడ్రోజన్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

పీఐపీ

పీఐపీ అంటే పాలిమర్ ఇన్‌ఫిల్ట్రేషన్ అండ్ పైరోలిసిస్. ద్రవ పాలిమర్‌ని వ్యాక్యూమ్‌లో ప్రీఫామ్‌కి పట్టించి, క్యూర్ చేసి, ఆర్గాన్‌లో 1000–1100 డిగ్రీల దాకా కాల్చితే సిలికాన్ కార్బైడ్ మిగులుతుంది. ట్యూబ్ ఫర్నేస్, వ్యాక్యూమ్ పంపు, ఆర్గాన్ సిలిండర్ ఉంటే మొదలుపెట్టొచ్చు. కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

ఎన్ని సార్లు చేయాలన్నది ముందే లెక్కకట్టొచ్చు. 100 బై 100 బై 3 మిల్లీమీటర్ల ప్లేటు తీసుకోండి. పరిమాణం 30 సీసీ. ఫైబర్ 40 శాతం అంటే 12 సీసీ, ఖాళీ 18 సీసీ. ద్రవ పాలిమర్ అయిన అల్లైల్ హైడ్రిడో పాలీకార్బోసిలేన్ సాంద్రత సుమారు 1, కాల్చాక మిగిలేది బరువులో 75 శాతం, ఆ మిగిలినదాని సాంద్రత 2.4. 18 గ్రాములు పోస్తే 13.5 గ్రాముల సెరామిక్, అంటే 5.6 సీసీ మాత్రమే. మొదటిసారికి ఖాళీ 60 నుంచి 41 శాతానికి దిగింది. తర్వాత వరసగా 28, 19, 13, 9, 6. ఏడోసారి నుంచి వచ్చే లాభం చాలా స్వల్పం. పైగా ఇది రంధ్రాలన్నీ తెరుచుకునే ఉన్నాయనుకుంటేనే. నిజంగా 5–10 శాతం దగ్గర ఆగిపోతుంది. ఒక రౌండ్‌లో బరువు 1 శాతం కూడా పెరగకపోతే ఆపేయండి.

మొదటి రౌండ్‌లో పాలిమర్‌కి మైక్రాన్ సైజు సిలికాన్ కార్బైడ్ పొడి 25 శాతం పరిమాణంలో కలిపితే మొదటిసారికే ఖాళీ 31 శాతానికి వస్తుంది, ఒక రౌండ్ మిగులుతుంది. కానీ పొడి దారాల కట్ట లోపలికి వెళ్లదు, జల్లెడ పట్టినట్టు కట్ట బయటే ఆగుతుంది. కాబట్టి ముందు ఒట్టి పాలిమర్‌తో కట్టల్ని తడిపి, ఆ తర్వాత పొడి కలిపినది పొరల మధ్య రాసి పేర్చాలి. వరస మారిస్తే కట్టల మధ్యలో పొడిగా ఉండిపోయిన ఫైబర్లు మిగులుతాయి.

ఇక చెడే చోట్లు. వేడి పెంచడం 200 నుంచి 650 డిగ్రీల మధ్య నిమిషానికి ఒక డిగ్రీ మించితే గ్యాస్ ఒక్కసారిగా వచ్చి పొరలు ఊడతాయి, ముఖ్యంగా మొదటి రౌండ్‌లో. వచ్చే గ్యాస్‌లో ప్రధానంగా హైడ్రోజన్, కొంత సిలేన్ రకాలు ఉంటాయి. ఫర్నేస్ ఔట్‌లెట్‌ని గదిలోకి వదిలేయకండి. పాలిమర్ సీసాని ఫ్రిజ్‌లో ఉంచాలి, అయినా నెమ్మదిగా హైడ్రోజన్ వదులుతుంది, బిగించిన మూత ఒక్కసారిగా తీయకూడదు. ఆర్గాన్‌లో తేమ, ఆక్సిజన్ ఉంటే మ్యాట్రిక్స్‌లో ఆక్సికార్బైడ్ వస్తుంది. గెటర్ (ఆర్గాన్‌లోని ఆక్సిజన్, తేమ పట్టేసే సాధనం) పెట్టడానికి అయ్యే ఖర్చుకి వెనకాడకండి.

ఘన పాలీకార్బోసిలేన్ చవక అని జైలీన్‌లో కరిగించి వాడేవాళ్లున్నారు. సాల్వెంట్ ఆక్రమించిన చోటు అంతా మళ్లీ ఖాళీ అవుతుంది కాబట్టి రౌండ్లు పది దాటతాయి. ఫర్నేస్ గంటలు, ఆర్గాన్ ఖర్చు కలిపితే చవకదనం అంతా ఆవిరి.

అసలు లోపం మరొకటి. 1100 డిగ్రీల దగ్గర కాల్చిన మ్యాట్రిక్స్ ఇంకా అమార్ఫస్, అంటే స్ఫటికం కట్టనిది. దాన్ని 1300 దగ్గర వాడితే స్ఫటికం కడుతూ ఇంకా కుంచించుకుని పగుళ్లు పెరుగుతాయి. వాడే వేడి కంటే ఎక్కువ వేడిలో చివర ఒకసారి అనీల్ చేయాలి, అందుకు ఫైబర్ తట్టుకోవాలి. నికలాన్‌తో చేసిన పీఐపీ ముక్కకి 1300 డిగ్రీలు అని ఎవరైనా రాస్తే ఆ డేటా షీట్ పక్కన పెట్టేయండి.

కరిగిన సిలికాన్

ఫినాలిక్ రెజిన్ లాంటిదాన్ని కాల్చి రంధ్రాలున్న కార్బన్‌గా మార్చి, దానిలోకి 1450–1550 డిగ్రీల దగ్గర వ్యాక్యూమ్‌లో కరిగిన సిలికాన్ పీల్పిస్తారు. సిలికాన్ 1414 దగ్గర కరుగుతుంది. అది కార్బన్‌ని తడుపుతూ నిమిషాల్లో లోపలికి పరుగెత్తి, రియాక్ట్ అయి సిలికాన్ కార్బైడ్ అవుతుంది. సీవీఐకి వారాలు పట్టే పని ఒక్క రోజు ఫర్నేస్ సైకిల్‌లో అయిపోతుంది. మందం పెద్ద సమస్య కాదు, రంధ్రాలు 2–5 శాతానికి మించవు, వేడి బాగా ప్రవహిస్తుంది. కార్బన్ ఫైబర్‌తో చేసే కారు బ్రేక్ డిస్కులు ఈ దారిలోవే. పోర్షె 2001 నుంచి వాటిని అమ్ముతోంది. 2016లో సర్వీసులోకి వచ్చిన లీప్ విమాన ఇంజిన్ హై ప్రెషర్ టర్బైన్ ష్రౌడ్ (బ్లేడ్ల చుట్టూ ఉండే కవచం) కూడా సిలికాన్ కార్బైడ్ ఫైబర్‌కి కరిగిన సిలికాన్ పట్టించి చేసినదే.

కీలకమంతా కార్బన్ సాంద్రతలో ఉంది. ఒక గ్రాము కార్బన్‌కి 2.34 గ్రాముల సిలికాన్ కావాలి. రియాక్ట్ అయ్యాక పరిమాణం పెరుగుతుంది కాబట్టి, ఫైబర్‌ని వదిలేసి లెక్కిస్తే ఖాళీ–కార్బన్ కలిసిన ప్రతి సీసీలో 0.96 గ్రాము కార్బన్ ఉంటే సరిగ్గా మొత్తం సిలికాన్ కార్బైడ్‌తో నిండుతుంది. అది కాగితం మీద. నిజంగా 0.96 పెడితే ముందు రియాక్ట్ అయిన చోట దారి పూడుకుపోయి, సిలికాన్ లోపలికి చేరదు, మధ్యలో నల్లగా కార్బన్ ఉండిపోతుంది. అందుకే కాస్త తక్కువగా, 0.8–0.9 దగ్గర ఉంచి కొంత మిగులు సిలికాన్‌ని భరిస్తారు. రంధ్రం సైజు కూడా ముఖ్యం. మైక్రాన్ కంటే సన్నవైతే మూసుకుంటాయి, మరీ పెద్దవైతే సిలికాన్ గుంటలు మిగులుతాయి.

కోసి పాలిష్ చేసిన ముక్కని మామూలు ఆప్టికల్ మైక్రోస్కోప్ కింద పెట్టండి. మెరిసే తెలుపు మిగులు సిలికాన్, బూడిద రంగు సిలికాన్ కార్బైడ్, ముదురు రంగు రియాక్ట్ కాని కార్బన్, పూర్తి నలుపు రంధ్రం. తెల్లటి భాగం దారాల కట్టల లోపలికి వేళ్లలా చొచ్చుకుపోయి కనిపిస్తే ఫైబర్ పూతకి చిల్లు పడిందని అర్థం, ఆ చోట ఫైబర్ అంచు కొరికినట్టు ఉంటుంది. అలాంటి ప్లేటుని టెన్షన్ టెస్ట్‌కి (లాగి చూసే పరీక్షకి) పంపడం దండగ, పెళుసుగానే విరుగుతుంది. దీన్ని ఆపాలంటే బోరాన్ నైట్రైడ్ మీద కొన్ని మైక్రాన్ల సీవీఐ సిలికాన్ కార్బైడ్ కవచం ఉండాలి. ఫైబర్ టైప్-ఎస్ కోవదై ఉండాలి, నికలాన్ ఈ వేడికి నిలవదు.

సిలికాన్ గడ్డకట్టేటప్పుడు దాదాపు పదోవంతు ఉబ్బుతుంది. ఎక్కువ పోస్తే ఉపరితలం మీద గోళీల్లా బయటికి వస్తుంది, లోపల ఇరుక్కున్నది పగుళ్లు తెస్తుంది. లెక్కకి 10–15 శాతం మించి అదనంగా పోయొద్దు, 1414 దాటేటప్పుడు నెమ్మదిగా చల్లార్చాలి. గ్రాఫైట్ బోటుకి బోరాన్ నైట్రైడ్ పూత వేయకపోతే సిలికాన్ ముక్కతో పాటు బోటునీ తినేస్తుంది.

మిగులు సిలికాన్ ఉన్నంతకాలం లోడు మోసే భాగానికి 1300–1350 డిగ్రీలే హద్దు. 1400 దగ్గర అది కరిగి కారుతుంది, అంతకు ముందే క్రీప్ పెంచుతుంది.

ఈ మూడూ కాక, నానో పొడిని అల్యూమినా, ఇట్రియాతో కలిపి 1750–1800 డిగ్రీల దగ్గర 15–20 మెగాపాస్కల్ ఒత్తిడిలో హాట్ ప్రెస్ చేసే నైట్ (NITE) పద్ధతి ఒకటుంది. దాదాపు రంధ్రాలే ఉండవు. కానీ ఆ వేడికి ఆగేది మూడో తరం ఫైబరే, ఆకారాలు సాదాగా ఉండాలి. హాట్ ప్రెస్ ఇప్పటికే ఉన్నవాళ్లు తప్ప దీని కోసం ప్రత్యేకంగా పెట్టుబడి పెట్టడం మేం సిఫారసు చేయం.

మరి ఏది?

వేల గంటలు, గాలీ నీటి ఆవిరీ ఉన్నచోట, 1300 లోపు, లోడు కొంచెం ఎక్కువ – కరిగిన సిలికాన్, టైప్-ఎస్ ఫైబర్, బోరాన్ నైట్రైడ్ పూత. ఇందులో రంధ్రాలు తక్కువ కాబట్టి మ్యాట్రిక్స్ మొదటి పగులు సుమారు 120–170 మెగాపాస్కల్ దగ్గర వస్తుంది, సీవీఐ ముక్కల్లో అది మామూలుగా 100 లోపే. ఆవిరి ఉంటే పైన ఎన్విరాన్‌మెంటల్ బారియర్ కోటింగ్ తప్పనిసరి. ఎందుకంటే వేడికి పైన ఏర్పడే సిలికా పొర ఆవిరితో కలిసి సిలికాన్ హైడ్రాక్సైడ్ వాయువుగా ఎగిరిపోతూ, ఉపరితలం గంటగంటకీ అరుగుతుంది. సిలికాన్ బాండ్ కోట్ (పట్టు కోసం వేసే అడుగు పొర) మీద ఇటర్బియం డైసిలికేట్ ఇప్పుడు ఎక్కువగా వాడే జోడీ. పాత బేరియం–స్ట్రాన్షియం అల్యూమినోసిలికేట్ రకం సిలికాతో కలిసి 1300 దగ్గరే గాజులా కరుగుతుంది.

1350 దాటాలి, మిగులు సిలికాన్ పనికిరాదు, గోడ పల్చన – సీవీఐ. కొద్ది నిమిషాల వాడకం, లేదా రాపిడి ప్రధానమైన పని – కార్బన్ ఫైబర్‌తో కరిగిన సిలికాన్. పెద్ద, వంకర ఆకారాలు, తక్కువ సంఖ్య, 1100–1200 లోపు – పీఐపీ.

చిన్న సంస్థలకీ యూనివర్సిటీలకీ మా ఓటు మిశ్రమానికి: పూత, దాని మీద 2–3 మైక్రాన్ల సీవీఐ సిలికాన్ కార్బైడ్ మాత్రం సదుపాయం ఉన్న చోట వేయించుకుని, మిగతాది సొంత ఫర్నేస్‌లో పీఐపీ చేయడం. ఆ పల్చటి పొరతోనే ప్రీఫామ్ గట్టిపడుతుంది, గ్రాఫైట్ టూలింగ్ (ఆకారం పట్టి ఉంచే అచ్చు) తీసేయొచ్చు, అన్నిటికంటే ముఖ్యంగా పాలిమర్ గ్యాసుల నుంచి పూతకి రక్షణ. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐతో మాట్లాడి చూడొచ్చు, నాన్ ఆక్సైడ్ సెరామిక్స్‌కి అక్కడ విడిగా ఒక కేంద్రం ఉంది.

ఏ టెస్ట్ నమ్మాలి

మూడు పాయింట్ల బెండింగ్ చవక, చిన్న ముక్క చాలు, అంకె పెద్దగా వస్తుంది. అందుకే బ్రోచర్లలో అదే ఉంటుంది. కాంపోజిట్‌లో అది టెన్షన్ బలం కంటే 1.3 నుంచి 1.7 రెట్లు ఎక్కువ చూపిస్తుంది. స్పాన్–మందం నిష్పత్తి 16 కంటే తగ్గితే ముక్క పొరల మధ్య షియర్‌తో పోతుంది, ఆ అంకెకి అర్థమే ఉండదు. బ్యాచ్‌కి బ్యాచ్‌కి తేడా చూసుకోవడానికి ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి సీ1341 బెండింగ్ టెస్ట్ సరే. డిజైన్‌కి మాత్రం సీ1275 టెన్షన్, వేడిలో సీ1359.

టెన్షన్‌లో కూడా చూడాల్సింది తెగిన లోడు కాదు, స్ట్రెస్–స్ట్రెయిన్ గీత వంగిన చోటు. అదే ప్రపోర్షనల్ లిమిట్, డిజైన్ స్ట్రెస్ దానికి కింద ఉండాలి. ఏ ఆఫ్‌సెట్‌తో (సూటి గీత నుంచి ఎంత స్ట్రెయిన్ పక్కకి జరిగితే వంగినట్టు లెక్కించారో) తీశారో అడగండి. 0.005 శాతం స్ట్రెయిన్ ఆఫ్‌సెట్‌కీ 0.02కీ తేడా పెద్దదే. అకూస్టిక్ ఎమిషన్ సెన్సర్ పెడితే, గీత వంగకముందే మొదటి పగుళ్ల చప్పుడు దొరుకుతుంది. గీత అసలు వంగకుండా సూటిగా వెళ్లి ఫట్‌మంటే పూత పనిచేయలేదన్నట్టే, తెగిన అంకె ఎంత పెద్దదైనా.

పొరల మధ్య బలం చాలామంది టెస్ట్ చేయరు. సీ1292 షియర్, సీ1468 మందం దిశలో టెన్షన్ – ఈ రెండూ చేయించండి. సీవీఐ రకంలో మందం దిశ బలం 10–20 మెగాపాస్కలే ఉండొచ్చు, వేడి తేడాతో పొరలు ఊడేది ఆ దిశలోనే.

ఆక్సిడేషన్ టెస్ట్‌లో తూకాన్ని ఒక్కదాన్నే నమ్మి మోసపోవద్దు. సిలికాన్ కార్బైడ్ సిలికాగా మారితే బరువు పెరుగుతుంది, పైరోకార్బన్ కాలితే తగ్గుతుంది. రెండూ కలిసి సున్నా చూపించిన ముక్క లోపల పూర్తిగా పాడై ఉండొచ్చు. వేడి చేసిన తర్వాత గది ఉష్ణోగ్రతలో టెన్షన్ లాగి, మిగిలిన బలం చూడాల్సిందే. 1200 ఒక్కటే కాదు, 700–800 దగ్గర కూడా లోడు కింద ఉంచాలి. ఆ మధ్య వేడిలో పగులు పూడ్చేంత సిలికా ఏర్పడదు, పూత మాత్రం కాలుతుంది.

డైమండ్ వీల్‌తో కోసిన అంచులో ఫైబర్ చివర్లు బయటికి తెరుచుకుని ఉంటాయి. అసలు భాగానికి అంచులు సీల్ చేసి ఉంటే కూపన్‌కి (టెస్ట్ ముక్కకి) కూడా సీల్ వేయండి, లేకపోతే మీరు కొలిచేది అంచు నుంచి జరిగే ఆక్సిడేషన్నే. కోశాక 120 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి ఆర్కిమిడీస్ సాంద్రత (ద్రవంలో ముంచి తూచి లెక్కకట్టేది) తీయండి. అల్యూమినా గొట్టం ఉన్న ఫర్నేస్‌లో నీటి ఆవిరి పరీక్ష చేస్తే గొట్టంలోని సోడియం లాంటి మలినాలు ఆవిరితో వచ్చి సిలికాలో కలుస్తాయి, ఆక్సిడేషన్ వేగం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ప్లాటినం థర్మోకపుల్‌ని ముక్కకి నేరుగా ఆనించకూడదు, సిలికాన్ తగిలితే 830 డిగ్రీల దగ్గరే కరిగే మిశ్రమం ఏర్పడి తీగ తెగుతుంది. నికెల్ అలాయ్ ఫిక్స్చర్‌కీ వేడిలో ఇదే గతి, మధ్యలో అల్యూమినా ముక్క పెట్టండి.

బయటి నుంచి కొనేవాళ్లు ఆర్డర్‌లోనే రాయాల్సిన షరతు ఇది: ప్రతి ఫర్నేస్ బ్యాచ్‌లో అసలు భాగం పక్కనే, అదే గుడ్డ రోల్ నుంచి, అదే మందంలో 150 బై 100 మిల్లీమీటర్ల సాక్షి ప్లేటు ఒకటి పెట్టాలి, దాన్ని కోయకుండా మీకు పంపాలి. కూపన్లు మీరే కోయించుకోండి. సరఫరాదారు కోసి పంపిన ఐదు కూపన్లు ప్లేటులో ఎక్కడివో మీకు తెలియదు, అంచుల్లో ఎప్పుడూ సాంద్రత బాగానే ఉంటుంది. మీ ఐదింటిలో కనీసం రెండు సరిగ్గా మధ్యలోవి కావాలి.